బెత్తెడు దూరంలో రిషభం

వీణ నేర్చుకునేవాళ్ళకి ఒక ధీమా ఉంటుంది. నూజివీడులో చేసిన వీణైనా, బొబ్బిలిలో చేసిన వీణైనా దండి మీద మైనంలో 24 మెట్లు నాటి ఉంటాయి. ఏ మెట్టు దగ్గర తీగ నొక్కితే ఏ స్వరం పలకాలో వీణ చేసినాయనే తేల్చి ఇస్తాడు. చెల్లోకి ఆ సాయం లేదు. నల్లగా, నున్నగా ఉండే పొడవాటి పలక, దాని మీద నాలుగు లావుపాటి తీగలు, అంతే. షార్ప్ ఎక్కడ, ఫ్లాట్ ఎక్కడ అని వేలు ఆ పలక మీద తడుముకుంటుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామందికి మనసు విరిగేది ఇక్కడే. వాళ్ళకి చెవి లేక కాదు, చెయ్యి ఎలా కొలుచుకోవాలో ఎవరూ విడమరిచి చెప్పక.

నేను పెదపాడులో పిల్లలకి వయొలిన్ చెప్తాను. చెల్లో నా వాద్యం కాదు. కిందటేడు జూన్ మొదట్లో, రోహిణి కార్తె ఎండలు ఇంకా తగ్గకముందు, మా మనవరాలు అమెరికా నుంచి వచ్చి రెండు నెలలు మా ఇంట్లో ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. అక్కడి బడి ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిస్తుంది. సెలవుల్లో సాధన పోకూడదని మా అల్లుడు హైదరాబాదులో తెలిసినవాళ్ళ దగ్గర ఒక చెల్లో అరువు తీసుకుని, కారు వెనక సీట్లో పసిపిల్లలా పడుకోబెట్టి తెచ్చాడు. ఆ రెండు నెలల్లో పిల్ల నా దగ్గర నేర్చుకున్నదీ, నేను పిల్ల దగ్గర నేర్చుకున్నదీ కలిపితే ఈ అధ్యాయం.

ముందు నా పొరపాటు చెప్తాను. తను తెచ్చుకున్న పాటలో రెండు ఫ్లాట్లున్నాయి: బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. తనకి బాగా అలవాటైంది డి మేజర్. అమెరికా బళ్ళలో తీగవాద్యాలు ఎక్కువగా దాంతోనే మొదలుపెట్టిస్తారు. డి తీగ మీద ఖాళీ తీగ, ఒకటో వేలు, మూడో వేలు, నాలుగో వేలు. ఎ తీగ మీదా అంతే. మన లెక్కలో డి షడ్జంగా శంకరాభరణం అది. మూడేళ్ళు మూడో వేలితోనే పని జరిగిపోయేసరికి పైతీగల మీద రెండో వేలికి పనే లేకుండా పోయింది. ఇప్పుడు పాటలో ఎఫ్ షార్ప్ పోయి మామూలు ఎఫ్ వచ్చింది, సి షార్ప్ పోయి మామూలు సి వచ్చింది. ఆ పైన ఫ్లాట్లు. పిల్ల వేళ్ళు పాత దారినే పోతున్నాయి, చెవి కాదంటోంది. మొహం ఎర్రబడిపోతోంది.

నేను వయొలిన్ బుద్ధితో, "ఆ మూడో వేలినే ఒక్క పిసరు వెనక్కి లాగు తల్లీ" అన్నాను. వయొలిన్ మీద మేం చేసేది అదే. వయొలిన్ తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. మొదటి చోట్లలో అర స్వరం తేడాకి వేలు జరగాల్సింది రెండు సెంటీమీటర్ల లోపే కాబట్టి ఒకే వేలు ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ జరిగి, కోమలమూ తీవ్రమూ రెండూ పలికిస్తుంది. చెల్లో తీగ సుమారు 69 సెంటీమీటర్లు. అదే అర స్వరం ఇక్కడ దాదాపు నాలుగు సెంటీమీటర్లు. అంత దూరం ఒక వేలిని లాగితే మణికట్టు వంకరపోతుంది, బొటనవేలు వెనక నుంచి దండిని పటకారులా పట్టేస్తుంది. సాయంత్రానికి పిల్లకి బొటనవేలి మొదట్లో నొప్పి. "అమ్మమ్మా, మా టీచర్ ఇలా చెప్పలేదే" అంది, నేను నొచ్చుకుంటానేమో అని మెల్లగా.

"మీ టీచర్ ఎలా చెప్పారో చూపించు" అన్నాను. చూపించింది. నాకప్పుడు తెలిసింది. చెల్లో మీద ప్రతి అర స్వరానికీ ఒక వేలు. ఎ తీగ మీద ఒకటో వేలు బి, రెండో వేలు సి, మూడో వేలు సి షార్ప్, నాలుగో వేలు డి. వయొలిన్‌లో వేలు జరిగి స్వరం మారుతుంది, చెల్లోలో వేలే మారుతుంది. ఈ సంగతి తెలియక నేను ఒక పూట పిల్లని బాధపెట్టాను. వయొలిన్ నుంచి చెల్లోకి వెళ్ళేవాళ్ళూ, వయొలిన్ మాస్టారి దగ్గర చెల్లో చెప్పించుకునేవాళ్ళూ ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక కొలత. బిరడల కింద తీగలు ఆనుకునే చిన్న గట్టు ఉంటుంది కదా, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మన పెద్దవాళ్ళ బెత్తెడు గుర్తుందా? నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చిపెడితే అడ్డంగా వచ్చే వెడల్పు. పూలమాల కొలిచినా, జాకెట్టు చేతులు కొలిచినా మా అమ్మ బెత్తెడుతోనే కొలిచేది. ఆ గట్టు నుంచి బెత్తెడు దూరంలో, అంటే ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర, ఒకటో వేలు పడుతుంది. ఖాళీ తీగ షడ్జమనుకుంటే అది చతుశ్రుతి రిషభం. బెత్తెడులో సగం, రెండు వేళ్ళ వెడల్పు, శుద్ధ రిషభం. గట్టు నుంచి ఒక జాన పెడితే, 23 సెంటీమీటర్ల దగ్గర, పంచమం. తీగలో సరిగ్గా మూడో వంతు తెగినచోట పంచమం పలుకుతుంది కాబట్టి అది లెక్కకి కూడా నిలుస్తుంది. మా వరండాలో పిల్ల పక్కన కూర్చుని నా చేత్తో కొలిచి చూపిస్తే, నా బెత్తెడూ ఆ పిల్ల ఒకటో వేలూ దాదాపు ఒకేచోట కలిశాయి. అందరి చేతులూ ఒకేలా ఉండవు. అందుకని ఇది మొదటి రోజుల్లో దారి చూపడానికి మాత్రమే. స్వరం పైకి పోయేకొద్దీ ఎడం కూడా తగ్గిపోతుంది. తీగ నడిమి దాకా వెళ్తే అర స్వరం రెండు సెంటీమీటర్లకి దిగుతుంది. ఎక్కడైనా చివరి మాట చెవిదే.

ఇప్పుడు ఫ్లాట్ల సంగతి. చెయ్యి మామూలుగా, వేళ్ళు అర స్వరం చొప్పున పరుచుకుని ఉందనుకోండి. సి తీగ మీద డి, ఇ ఫ్లాట్, ఇ, ఎఫ్ వరసగా నాలుగు వేళ్ళకీ వస్తాయి. జి తీగ మీద ఎ, బి ఫ్లాట్, బి, సి. అంటే కింది రెండు తీగల మీద మా పిల్ల భయపడిన రెండు ఫ్లాట్లూ రెండో వేలి కిందే ఉన్నాయి, చెయ్యి కదపక్కర్లేదు. అవే ఫ్లాట్లు పైతీగల మీద ఒకటో వేలికి వెనక పడిపోతాయి. డి తీగ మీద ఒకటో వేలు ఇ కాబట్టి ఇ ఫ్లాట్ దానికి అర స్వరం వెనక. ఎ తీగ మీద బి ఫ్లాటూ అంతే. పేరు ఒకటే, రెండు తీగల మీద రెండు పనులు. కాగితం మీద ఫ్లాట్ గుర్తు కనపడగానే పిల్లలు కంగారుపడతారు. గుర్తు చూసి కాదు, "ఏ తీగ మీద?" అని అడిగి వేలు పెట్టాలి. పాట మొదలుపెట్టకముందే పెన్సిలుతో కష్టమైన ఫ్లాట్ల దగ్గర మాత్రమే చిన్న గీత పెట్టుకోమన్నాను. పేజీ మొత్తం మీద ఐదు గీతలు వచ్చాయి. "ఇంతేనా?" అంది.

షార్పులకి ఎదురు లెక్క. ఎఫ్ షార్ప్ డి తీగ మీద మూడో వేలు, సి షార్ప్ ఎ తీగ మీద మూడో వేలు, ఇవి సుఖం. జి షార్ప్ కావాలంటే డి తీగ మీద నాలుగో వేలిని అర స్వరం ముందుకు చాపాలి. జి తీగ మీద సి షార్ప్‌కీ అంతే.

ఈ చాపడంలోనే కిటుకంతా ఉంది. వెనక్కి చాపేటప్పుడు చూపుడువేలు ఒక్కటే నిటారుగా అయ్యి బిరడల వైపు పోవాలి. వేలి కొస కాకుండా పక్కభాగం తీగకి తగిలినా పరవాలేదు. మిగతా మూడు వేళ్ళూ, బొటనవేలూ ఉన్నచోటే ఉండాలి. ముందుకు చాపేటప్పుడు చూపుడువేలు నిలబడి ఉంటుంది, మిగతా మూడూ కలిసి అర స్వరం ముందుకు పోతాయి, వాటితోపాటు బొటనవేలూ రెండో వేలి కిందికి జారాలి. బొటనవేలిని పాతచోటే వదిలేసి చిటికెనవేలిని లాగితే అరచెయ్యి చీల్చినట్టవుతుంది, స్వరం మాత్రం తక్కువే పలుకుతుంది. జి షార్ప్ ఎప్పుడూ తగ్గి పలుకుతోందని బాధపడేవాళ్ళు తమ చిటికెనవేలిని తిట్టుకోకుండా ఒకసారి బొటనవేలు ఎక్కడుందో చూసుకోండి.

చెల్లో మన ప్రాంతానికి కొత్త కావచ్చు, మెట్లు లేని పలక కొత్త కాదు. ఏలూరు దాటి దెందులూరు వైపు వెళ్తే సోమవరప్పాడు వస్తుంది. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు 1926లో పుట్టింది ఆ ఊళ్ళో. 2021లో ఆయనకి పద్మశ్రీ వస్తే మా వైపు వయొలిన్ ముట్టుకున్న ప్రతి ఇంట్లో పండగలా అనిపించింది. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. త్యాగరాజస్వామి శిష్యపరంపర వారిది. ఆ పంతులు గారికే శిష్యుడైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు గాత్రంతోపాటు వయోలా కూడా వాయించేవారు. వయోలా తీగల పేర్లూ చెల్లో తీగల పేర్లూ ఒకటే, సి జి డి ఎ. చెల్లో ఒక స్థాయి కింద పలుకుతుంది, అంతే తేడా. ఆ మాట చెప్తే మా మనవరాలికి తన వాద్యం పరాయిది కాదనిపించింది. ఫోనులో ఆయన వయోలా వెతికి విన్నది ఆ రాత్రి.

ఆ మర్నాడే మాకు దొరికింది అసలు సంగతి. పిల్లకి చిన్నప్పటి నుంచి వీడియో కాల్‌లో సరళి వరసలు పాడించాను. మాయామాళవగౌళ నిద్రలో లేపినా పాడుతుంది. "సి తీగ షడ్జం, జి తీగ పంచమం అనుకో. రెండు తీగల మీదా మాయామాళవగౌళ పెట్టు" అన్నాను. సి, జి తీగల మధ్య దూరం సరిగ్గా స, ప ల దూరమే కదా. ఖాళీ తీగ షడ్జం. శుద్ధ రిషభానికి చూపుడువేలు వెనక్కి చాపింది. అంతర గాంధారం మూడో వేలు, శుద్ధ మధ్యమం నాలుగో వేలు. ఖాళీ జి తీగ పంచమం. శుద్ధ ధైవతానికి మళ్ళీ చూపుడువేలు వెనక్కి, కాకలి నిషాదం మూడు, పై షడ్జం నాలుగు. రెండు తీగల మీదా చెయ్యి ఒకటే. రెండోసారి వాయిస్తూ మధ్యలో ఆగిపోయింది. తన చేతివైపు తనే చూసుకుంటూ, "అమ్మమ్మా, ఇది ఎక్స్‌టెన్షన్ కదా. నాకు రాదు రాదు అంటున్నది ఇదే కదా" అంది.

ఇదే. పురందరదాసు కూర్చారని సంప్రదాయం చెప్పే ఆ మొదటి పాఠంలో, చెల్లో పిల్లలు నెలల తరబడి భయపడే చెయ్యి అమిరి కూర్చుని ఉంది. తర్వాత ఒక వారం మేం రాగాల్ని చెయ్యిగా మార్చుకుంటూ గడిపాం. అదే సి, జి తీగల మీద తోడి పెడితే చూపుడువేలు వెనక్కి చాపి ఒకటి, రెండు, నాలుగు. ఖరహరప్రియకి చెయ్యి మామూలుగా ఉంచి ఒకటి, రెండు, నాలుగు. శంకరాభరణానికి ఒకటి, మూడు, నాలుగు. కల్యాణి అయితే సి తీగ మీద చూపుడువేలు నిలిపి, మిగతా చెయ్యి బొటనవేలితో సహా ముందుకు చాపి ఒకటి, రెండు, నాలుగు; జి తీగకి రాగానే చెయ్యి మామూలుగా ముడుచుకుని ఒకటి, మూడు, నాలుగు. ఈ ఐదు రాగాల ఆరోహణ, అవరోహణ రోజూ ఇరవై నిమిషాలు వాయిస్తే చెల్లో మొదటి పొజిషన్‌లో చెయ్యి ఎన్ని రకాలుగా తెరుచుకోవాలో అన్నీ వచ్చేస్తాయి. గమకం మాత్రం ఇప్పుడే వద్దు. తోడి గాంధారాన్ని ఊపకుండా వాయించడం నాకే కష్టమనిపించింది, చెవికి బోసిగా ఉంటుంది. అయినా ఊపులో తప్పు దాక్కుంటుంది. ముందు చుక్క పడాలి.

స్వరస్థానాలు తెలిసిన పిల్లలకి ఇంకో లాభం ఉంది. ఒకేచోటుని కాగితం మీద ఒకసారి డి షార్ప్ అనీ ఒకసారి ఇ ఫ్లాట్ అనీ రాస్తే పాశ్చాత్య సంగీతం కొత్తగా నేర్చుకునేవాళ్ళు తికమకపడతారు. మనకి స్థానాలు 12, పేర్లు 16. చతుశ్రుతి రిషభం ఉన్నచోటే శుద్ధ గాంధారం, షట్‌శ్రుతి రిషభం ఉన్నచోటే సాధారణ గాంధారం. ఏ రాగంలో ఏ పనిలో ఉందో దాన్నిబట్టి పేరు. ఒకే మనిషి ఒకరికి బాబాయి, ఇంకొకరికి మావయ్య అయినట్టు. ఈ మాట చెప్తే పిల్ల గట్టిగా నవ్వింది, మళ్ళీ ఎప్పుడూ తికమకపడలేదు.

చెయ్యి అమిరాక చెవికి పరీక్ష పెట్టాలి. చెల్లో దానంతట అదే సాక్ష్యం చెప్తుంది. ఎ తీగ మీద నాలుగో వేలితో డి వాయించండి. స్థానం సరిగ్గా ఉంటే పక్కనున్న ఖాళీ డి తీగ, కమాను తగలకుండానే, సన్నగా వణుకుతుంది. కంటికి కనపడుతుంది కూడా. జి తీగ మీద నాలుగో వేలి సి కి ఖాళీ సి తీగ అలాగే పలుకుతుంది. వేలు వెంట్రుకవాసి తప్పినా ఆ వణుకు ఆగిపోతుంది. మా పిల్ల ఇది కనిపెట్టాక గంటసేపు వేరే పని చెయ్యలేదు.

ఫ్లాట్లకి ఈ అదృష్టం తక్కువ. బి ఫ్లాట్‌కీ ఇ ఫ్లాట్‌కీ జోడుగా మోగే ఖాళీ తీగ లేదు, అందుకే అవి కాస్త మందంగా, ముసురు పట్టినట్టు వినపడతాయి. ఆ మందం చూసి తప్పు వాయిస్తున్నానేమో అని పిల్లలు వేలిని పైకి నెట్టేస్తారు, ఫ్లాట్ కాస్తా పాడైపోతుంది. వాటికి వేరే పరీక్ష ఉంది. జి తీగ మీద బి ఫ్లాట్ పెట్టి, పక్కన ఖాళీ డి తీగని కలిపి ఒకే కమానులో వాయించండి. సి తీగ మీద ఇ ఫ్లాట్ పెట్టి ఖాళీ జి కలపండి. షడ్జమూ అంతర గాంధారమూ జోడుగా పలికినట్టు ఉండాలి. డి తీగ మీద ఎఫ్ షార్ప్ పెట్టి ఖాళీ ఎ కలిపితే షడ్జ, సాధారణ గాంధారాల జోడు వినపడాలి. చేత్తో వాయించే ముందు నోటితో పాడాలి. ఇది నేను బతిమాలి చెప్తున్నాను. పాడలేని స్వరాన్ని వేలు వెతకలేదు. గొంతు బాగుండక్కర్లేదు, కూనిరాగం చాలు.

ఇవన్నీ చేస్తున్నా ఒక సాయంత్రం పిల్ల వాయించిన ప్రతి స్వరమూ ఎక్కి పలికింది. ముందు తీగల్ని అనుమానించాం. ఎండకి చెక్క ఎండి బిరడలు జారతాయి, కొల్లేటి తేమ గాలి తిరిగిందంటే ఉబ్బి బిగుసుకుంటాయి. మా వైపు ఏ తీగవాద్యానికైనా ఈ తంటా తప్పదు. అందుకే వేలి తప్పు వెతికే ముందు ఖాళీ తీగ శ్రుతి చూసుకోమంటాను. ఫోనులో చూస్తే ఖాళీ తీగలు నాలుగూ సరిగ్గా ఉన్నాయి. వేళ్ళు పెట్టినవే ఎక్కుతున్నాయి.

మా వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చీకటి పడ్డాక మోటార్ల లోడు పెరిగితే దాని మోత మా వరండాలోకి బాగా వినపడుతుంది. నలభై ఏళ్ళుగా వింటున్నాను కాబట్టి నా చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. పిల్ల చెవికి అది కొత్త. "అమ్మమ్మా, అది నా జి లాగే ఉంది, కానీ కొంచెం పైన ఉంది" అంది. ఇద్దరం లెక్క చూశాం. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ మోత దానికి రెట్టింపు, సెకనుకు 100 కంపనాలు. చెల్లో ఖాళీ జి తీగ 98. ఆ తేడా అర స్వరంలో మూడో వంతు ఉంటుంది. రోజంతా శ్రుతిపెట్టె పక్కన సాధన చేసిన పిల్ల చెవి, ఆ పూట తెలియకుండానే ట్రాన్స్‌ఫార్మర్‌ని షడ్జంగా పట్టుకుందని నాకనిపించింది. మర్నాటి నుంచి లోపలి గదిలో తలుపులు వేసుకుని, శ్రుతిపెట్టె పెట్టుకుని కూర్చున్నాం. ఎక్కడం తగ్గింది. మీ ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఏ స్వరంలో మోగుతున్నాయో ఒకసారి వినండి. మీ వేలు తప్పు కానిదానికి మీరు శిక్ష వేసుకుంటున్నారేమో.

అరువు తెచ్చిన ఆ చెల్లో పలక మీద ఎవరో రంగు టేపు ముక్కలు నాలుగు అంటించి ఉంచారు. టేపు తప్పని నేను అనను. మొదటి నెలలో ఒకటో వేలికీ నాలుగో వేలికీ రెండు ముక్కలు పెట్టుకోవచ్చు. నాలుగు ముక్కలు పెడితే ఫ్లాటుకీ షార్ప్‌కీ కూడా కళ్ళే దారి వెతుకుతాయి. వాయించేవాళ్ళ మెడ వంగి, ఎడమ భుజం ముందుకు వస్తుంది, చెయ్యి బిగుస్తుంది. మేం టేపులు పీకేసిన రోజున పిల్ల బిక్కమొహం వేసింది. అప్పుడు నేను ద్వారం వెంకటస్వామినాయుడు గారి గురించి చెప్పాను. 1893లో పుట్టిన ఆ మహానుభావుడికి చూపు చాలా మందం. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో దానికే అధ్యక్షుడయ్యారు. ఆయనకి పలక మీద గుర్తులు ఏం ఉపయోగం? ఆ వేళ్ళకి దారి చూపింది చెవి. పిల్లని కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టాను. "ఆ చెరువు గట్టు మీద గూడబాతులు ఎన్నున్నాయో లెక్కపెడుతూ వాయించు" అన్నాను. మొదటిరోజు ఏడు పక్షులు, లెక్కలేనన్ని అపస్వరాలు. నాలుగో రోజుకి డి తీగ మీద ఇ ఫ్లాట్ కళ్ళు చూడకుండానే పడింది.

పడనప్పుడు ఏం చెయ్యాలన్నది అన్నిటికంటే ముఖ్యం. పిల్లలు తప్పు వినపడగానే కమాను ఎత్తేసి, మొహం చిట్లించి, పాట మొదటి నుంచి అందుకుంటారు. అలా చేస్తే మొదటి రెండు వరసలు వందసార్లు సాధన అవుతాయి, తప్పిన చోటు తప్పినట్టే ఉంటుంది. కమాను ఆపకండి. ఆ స్వరాన్ని పట్టుకునే ఉండి, వేలిని మెల్లగా జరిపి, సరైన చోటు చెవికి తగిలేదాకా పోండి. పైకి జరిపారా, కిందికి జరిపారా, ఎంత? ఆ సమాధానం మనసులో పెట్టుకుని వేలు ఎత్తేయండి. ముందున్న స్వరం నుంచి బయల్దేరి మళ్ళీ నేరుగా ఆ చోట పెట్టండి. జరిపి సర్దుకున్నంతటితో వదిలేస్తే చెయ్యి నేర్చుకునేది జరపడమే. మూడుసార్లు నేరుగా పడ్డాకే ముందుకు కదలండి. మా పిల్ల కిందటి స్వరంతో కలిపి రెండే రెండు స్వరాల్ని, ఎఫ్ నుంచి ఇ ఫ్లాట్‌కి, ఒక పూటంతా ఓపిగ్గా వాయించింది. అంత ఓపిక నాకు ఆ వయసులో లేదు.

కొన్నాళ్ళు పోయాక చెవి ఇంకా సన్నగా వినడం మొదలుపెడుతుంది. అప్పుడు ఫ్లాటుకీ షార్ప్‌కీ చోటు ఒకటే అన్న మాట కూడా కాస్త సడలుతుంది. చెల్లోలో మహా విద్వాంసుడైన పాబ్లో కసాల్స్ తన శిష్యులకి ఈ సన్నదనం మీదే పట్టుగా చెప్పేవారు. షడ్జం వైపు వెళ్ళే షార్ప్ ఆ షడ్జానికి మరికాస్త దగ్గరగా జరగాలనీ, సి షార్ప్, డి ఫ్లాట్ ఒకటే చోట కూర్చోవనీ ఆయన పద్ధతి. మన విద్వాంసులు గౌళలో రిషభం మాయామాళవగౌళ రిషభం కంటే కిందుగా ఉండాలంటారు. స్పెయిన్ దేశపు ఆయనా మనవాళ్ళూ ఒకే తలుపు తడుతున్నారు. అయితే ఆ తలుపు దగ్గరికి చేరడానికి ముందు బెత్తెడు కొలవడం రావాలి. మొదటి ఏడాది ఈ సన్నదనం జోలికి పోకండి. కాకలి నిషాదం నుంచి షడ్జానికి వెళ్ళేటప్పుడు మాత్రం, మూడో వేలు నాలుగో వేలి వైపు ఒరిగినట్టు ఉంటే ఒరగనివ్వండి.

పిల్ల ఆగస్టు మొదట్లో వెళ్ళిపోయింది. చెల్లో హైదరాబాదు వెళ్ళిపోయింది. రెండు వారాల తర్వాత, అక్కడ రాత్రి ఇక్కడ పొద్దున్న, ఫోను చేసి ఆ రెండు ఫ్లాట్ల పాట మొత్తం వినిపించింది. ఒక్కచోట ఇ ఫ్లాట్ తగ్గింది, కమాను ఆపకుండానే సర్దుకుంది. నేను ఏమంటానో అని ఆగింది. "ఆ ఒక్కచోటా మళ్ళీ వాయించు" అన్నాను. వాయించింది, నేరుగా పడింది.

"అమ్మమ్మా, ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్ కదా" అంది. "మా ఫ్రిజ్ మోత రెండు నిషాదాలకీ సరిగ్గా మధ్యలో ఉంది. నాన్న నమ్మట్లేదు. ఉండు, వినిపిస్తాను." ఫోను పట్టుకుని వంటింట్లోకి నడిచింది. నేను ఇక్కడ ఫ్యాను ఆపి, ఫోను చెవికి దగ్గరగా పెట్టుకున్నాను.